చింతపిక్క చెల్లని చోట

సూర్యావతి చెయ్యి చాచి ఆ చింతపిక్కను తనవైపు జరుపుకున్న చోట పోయినవారం ఆగాం.

మధ్యలో వచ్చి కలిసినవాళ్ళ కోసం నాలుగు మాటలు. అంబాజీపేటలో కొబ్బరి కొట్లో కురిడీ కాయలు ఏరే పని సూర్యావతిది. కురిడీని చెవి దగ్గర ఆడించి, లోపల కొబ్బరి ఎండిందో లేదో చెప్పేస్తుంది. నలభై దగ్గరపడ్డాక ఆమెకు చదరంగం పట్టుబడింది. నేర్పినవారు ప్రకాశరావు మాస్టారు. లెక్కల మాస్టారుగా రిటైరై, అమలాపురం గడియారస్తంభం దగ్గర మందుల షాపు మేడమీద చెస్ క్లబ్బు నడుపుతున్న డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. నిరుడు రాజోలు పోటీలో ముగ్గురు ఇంజినీరింగు విద్యార్థులను వరసగా ఓడించి సూర్యావతి కప్పు తెచ్చింది. మొన్న వేసవిలో కొత్తపేటలో ఆఖరి నిమిషాన ఒక్క బంటును చివరి గడి దాకా నడిపించి గెలిచింది. మస్కట్‌లో క్రేను నడిపే భర్త కుమారస్వామి ఆ రోజు ఫోనులో, "గెలిస్తే ఏమిస్తారే?" అని అడిగాడు. "ఇంకా పెద్ద పోటీలో ఆడనిస్తారండి," అంది.

ఆ పెద్ద పోటీ ఇదే. జిల్లా చాంపియన్‌షిప్, ఏడు రౌండ్లు. పై రెండు స్థానాల్లో నిలిచినవాళ్ళు రాష్ట్ర పోటీలకు వెళతారు. వెళ్ళాలని ఉందని సూర్యావతి ఎవరితోనూ అనలేదు. ఏడాదిగా ఆమెకు వేరే కోరిక లేదు. ఆరో రౌండులో ఆమె ఎదుట కూర్చున్నది స్వయానా మాస్టారు.

ఇక చింతపిక్క సంగతి. మాస్టారి క్లబ్బులో ఆటకు కూర్చోగానే ఇద్దరికీ చెరో చింతపిక్క ఇస్తారు. తప్పు ఎత్తు వేసి నాలుక కరుచుకున్నవాళ్ళు పిక్కను ఎదుటివారి ముందు పెట్టి ఆ ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు. ఆటకు ఒక్కసారే. క్లబ్బు పెట్టిన కొత్తలో "నేనింకా చెయ్యి వదల్లేదండి", "ఎందుకు వదల్లేదండీ, వదిలేరు" అని రోజూ తగవులే. ఒకాయన అలిగి ఆరు నెలలు మెట్లెక్కలేదు. పిక్కలు వచ్చాక తగవులు పోయాయి. ముప్పై ఏళ్ళుగా మాస్టారి చొక్కా జేబులో కళ్ళద్దాల పెట్టె పక్కన ఒక చింతపిక్క ఉంటోంది.

ఆ ఆదివారం పదకొండు గంటలకు, పోటీ జరుగుతున్న కళ్యాణమండపంలో ఒకటో టేబులు దగ్గర, మాస్టారు ఇరవై మూడో ఎత్తుగా గుర్రాన్ని దూకించి చెయ్యి తీసేశారు. గుర్రం తప్పుకోగానే సూర్యావతి శకటానికీ ఆయన మంత్రికీ మధ్య దారి తెరుచుకుంది. అది ఆమె కంటే ముందు ఆయనే చూశారు. చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్ళింది. పిక్క వచ్చి బల్ల మీద కూర్చుంది. వందల సాయంత్రాలు చేసినట్టే సూర్యావతి దాన్ని తనవైపు జరుపుకుని తలూపింది. ఆయన గుర్రాన్ని వెనక్కి పెట్టి, పక్క బంటును ఒక గడి జరిపి, గడియారం నొక్కారు. రెండు కాగితాల మీదా కలాలు కదిలాయి. ఇది మేడమీది గది కాదని ఇద్దరిలో ఒక్కరికీ స్ఫురించలేదు.

"ఆగండాగండి!"

పక్క టేబులు నుంచి లేచిన గొంతుకు హాల్లో ఉన్న ఎనభై తలలూ తిరిగాయి.

మాణిక్యాలరావు కొత్తపేటలో ఎరువుల వ్యాపారి. మూడుసార్లు చాంపియన్. రాజోలు కొండబాబుతో ఆడుతున్నవాడల్లా తన గడియారం ఆపి నిలబడ్డాడు.

"ఆర్బిటరు మేడమ్ గారూ, ఒకసారిటు దయచెయ్యండి. ఇక్కడ దుకాణం తెరిచేరండి. గుర్రాన్ని అమ్ముకోవడం, కొనుక్కోవడం."

పోటీకి తీర్పరిగా కాకినాడ నుంచి వచ్చిన ఆర్బిటరు అనురాధకు ముప్పై ఏళ్ళుంటాయి. పరుగెత్తదు, గొంతు పెంచదు. వచ్చి ముందు రెండు గడియారాలూ ఆగాయో లేదో చూసింది. తరవాత పిక్కను రెండు వేళ్ళతో పైకెత్తింది.

"ఇదేంటండీ?"

"చింతపిక్కండి," అంది సూర్యావతి.

"అది కనిపిస్తోందండి. బల్ల మీదికెందుకొచ్చింది?"

అప్పుడు తట్టింది సూర్యావతికి. ఎదురుగా మాస్టారి మొహం చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, హాలును చివరి నుంచి చివరికి చూశారు. మొన్నటి పెళ్ళి తాలూకు థర్మోకోల్ అక్షరాలు వేదిక వెనక ఇంకా వేలాడుతున్నాయి. ఎక్కడున్నదీ ఆ అక్షరాలు చూశాకే ఆయనకు గుర్తొచ్చినట్టుంది.

"అయ్యయ్యో," అన్నారు మెల్లిగా.

"అయ్యయ్యో ఏంటండీ మాస్టారూ!" మాణిక్యాలరావు అందుకున్నాడు. "మేడమ్ గారూ, నా రెండు కళ్ళతో చూసేనండి. ఈయన గుర్రం ఆడేరు, చెయ్యి తీసేరు. మంత్రి పోతోంది. జేబులోంచి ఇది తీసి పెట్టేరు. ఈవిడ తలాడించింది. గుర్రం వెనక్కెళ్ళింది. ఇద్దరిదీ ఒకటే క్లబ్బు. ఇది సైగ కాకపోతే ఇంకేంటండి? పైకి వెళ్ళేది ఎవరో ఇంటి దగ్గరే మాట్లాడుకొచ్చేరు."

"అంత మాటనకండి," అంది సూర్యావతి.

"నేనేం అన్లేదమ్మా. పిక్క అంటోంది."

రెండు మూడు టేబుళ్ళ నుంచి నవ్వులు వచ్చాయి. అనురాధ అటు చూసేసరికి ఆగిపోయాయి.

"ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడతానండి. ముందు మీరు రండి మేడమ్. సార్, మీరు కూర్చోండి. ఈలోగా ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకండి."

మాట్లాడడానికి వేరే చోటు లేక పెళ్ళికూతురి గదిలోకి తీసుకెళ్ళింది. నిలువుటద్దం నిండా ఎవరో అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్ళలు. సూర్యావతి అద్దంలోకి చూడకుండా గోడ పక్కకు జరిగింది.

"ఇది తేలకపోతే ఇద్దరినీ పోటీలోంచి తీసెయ్యాల్సొస్తుందండి. అది తెలుసుకుని చెప్పండి," అంది అనురాధ. "ఆయన గుర్రాన్ని పట్టుకుని ఏం చేశారు?"

ఒక్క మాట చాలు. గుర్రం గడిలో పక్కకు ఒరిగితే సరిచేశారండి, అంతే, అంటే సరిపోతుంది. మాణిక్యాలరావు మాటొకటీ తన మాటొకటీ. పక్క టేబులు నుంచి చూసిన మనిషి కంటే ఎదురుగా కూర్చున్న తన మాటకే విలువ ఎక్కువ. మాస్టారి పరువు నిలబడుతుంది. ఆట సాగుతుంది. ఆ మాట సూర్యావతి నాలుక దాకా వచ్చింది కూడా.

కానీ కాసేపట్లో మాస్టారు ఇదే గదిలోకి వస్తారు. వచ్చి ఏం చెబుతారో ఆమెకు తెలుసు. చేతిలో బెత్తంతో కాకుండా సుద్దముక్కతోనే పిల్లలను భయపెట్టిన మనిషి, చూసింది చూసినట్టు చెబుతారు. ఇద్దరి మాటలూ కలవకపోవడం సంగతి అలా ఉంచి, తన అబద్ధాన్ని ఆయన ఈ గదిలో నిలబడి వినాలి.

"ఆడేరండి. చెయ్యి తీసేరు," అంది.

"మీరు చూశారా?"

"ఆయ్, చూసేనండి."

"మంత్రి ఊరికే వస్తోందని కూడా చూశారా?"

"చూసేనండి."

"మరెందుకు కొట్టలేదు?"

"పిక్క పెట్టేరు కదండీ," అంది సూర్యావతి. అన్నాక ఆ మాట ఈ గదిలో ఎలా వినపడిందో ఆమెకే తెలిసి తల వంచుకుంది.

అనురాధ పెదవుల దగ్గర ఏదో కదిలి ఆగింది. "ఆ పిక్క సంగతి మొదట్నించీ చెప్పండి," అంది.

మాస్టారు లోపలికి వెళ్ళి ఒక్క నిమిషంలో బయటికి వచ్చేశారు. వస్తూనే హాలంతా వినేలా, "తప్పు నాదమ్మా. ఎవరికీ దాచేది లేదు. ఆ అమ్మాయికి మాత్రం ఏమీ వెయ్యకండి. నేర్పిన బుద్ధే చూపించింది," అన్నారు.

"వినండి మేడమ్! ఒప్పేసుకున్నారు. ఇద్దరికీ సున్నా వేసెయ్యండి," అన్నాడు మాణిక్యాలరావు. వాళ్ళిద్దరూ పోతే పైన మిగిలేది తనూ కొండబాబూ అని హాల్లో అందరికీ తెలుసు. కొండబాబుకు కూడా తెలుసు. అయినా అతను తన బోర్డు మీంచి తలెత్తలేదు.

అనురాధ సూర్యావతి కాగితం, మాస్టారి కాగితం తీసుకుని పక్కపక్కన పెట్టింది. ఆటలో ప్రతి ఎత్తూ ఎవరికి వాళ్ళు రాసుకునే కాగితాలవి. రెండింటిలోనూ ఇరవై మూడో వరసలో గుర్రం ఎత్తు రాసి ఉంది. దాని మీద ఒకే ఒక్క అడ్డగీత. పక్కన చిన్నగా రెండింటిలోనూ ఒకటే గుర్తు, 'చిం'.

"ఈ 'చిం' ఏంటి సార్?"

"చింతపిక్క వాడేరు అని గుర్తమ్మా. క్లబ్బులో అలా రాసుకుంటాం. రెండోసారి వాడకుండా."

ఈసారి నవ్వు రెండు మూడు టేబుళ్ళతో ఆగలేదు. అనురాధ కూడా ఆపలేదు. కాగితాలు మాణిక్యాలరావు ముందు పెట్టింది.

"కుమ్మక్కయ్యేవాళ్ళు దాన్ని సొంత దస్తూరీతో కాగితం మీద రాసి పెట్టరండీ. ఇది మోసం కాదు. కానీ తప్పే. మీ క్లబ్బు పద్ధతులు మీ క్లబ్బులోనే సార్. ఇక్కడ వేసిన ఎత్తు వేసినట్టే. ఇద్దరికీ హెచ్చరిక ఇస్తున్నాను. గుర్రం మళ్ళీ అక్కడికే వెళుతుంది. ఆట అక్కణ్ణించి మొదలవుతుంది." తరవాత మాణిక్యాలరావు వైపు తిరిగింది. "మీ ఆట మధ్యలో ఉంది సార్. వెళ్ళి ఆడుకోండి."

ఆమె తన చేత్తోనే బంటును వెనక్కి జరిపి, గుర్రాన్ని తీసి అది మొదట దూకిన గడిలో పెట్టింది. శకటానికీ మంత్రికీ మధ్య మళ్ళీ దారి తెరుచుకుంది. పిక్కను తన ఫైలు మీద పెట్టుకుని, సూర్యావతి గడియారం నొక్కి పక్కకు జరిగి నిలబడింది.

సూర్యావతి చెయ్యి లేవలేదు.

ఇప్పటిదాకా జరిగింది పొరపాటు. ఇప్పుడు చెయ్యబోయేది పొరపాటు కాదు. ముప్పై ఏళ్ళుగా జిల్లా దాటని మనిషి. అక్షరాలు తెలిసిన చెయ్యే కదా, ఎత్తులు రాసుకోవడం ఎంతసేపు అంటూ ఆ మేడమీదికి ఆడవాళ్ళలో మొదట తనను పిలిచి కూర్చోబెట్టిన మనిషి. ఆయన మంత్రిని ఇంతమంది చూస్తుండగా తీసి పక్కన పెట్టాలి. వేరే ఎత్తు వేస్తే? శకటాన్ని చూడనట్టు, ఏనుగును ఒక గడి జరిపితే?

"ఎత్తు వెయ్యమ్మా," అన్నారు మాస్టారు. "నా గురించి ఆలోచించడానికి ఆ గడియారంలో టైము పెట్టలేదు."

"సార్, మాట్లాడకూడదండి," అంది అనురాధ.

"ఆయ్, క్షమించండి."

సూర్యావతి మంత్రిని తీసుకుంది. మాస్టారు ఏనుగుతో శకటాన్ని తీసుకున్నారు. కాగితం మీద రాశారు. చేతులు కట్టుకుని ముందుకు వంగారు.

ఇంకొకళ్ళయితే అక్కడ ఓటమి ఒప్పుకుని చెయ్యి కలిపి లేచేవారు. మాస్టారు లేవలేదు. ఆ దూకిన గుర్రం ఊరికే దూకలేదు. సూర్యావతి రాజు పక్కన వచ్చి కూర్చుంది. దాని వెనక రెండు శకటాలూ గీత గీసినట్టు నిలబడ్డాయి. అంచునున్న బంటు ఒక్కో గడీ దిగడం మొదలుపెట్టింది. బలం సూర్యావతిది. ఆట మాత్రం ఆయన ఆడుతున్నారు. ఆమె ఆయన దెబ్బకు అడ్డం పెట్టడం, వెనక్కి జరగడం, మళ్ళీ అడ్డం పెట్టడం. మంత్రిని ఎదుటివాళ్ళ ఇంట్లోకి పంపాల్సిన చోట తన ఇంట్లోనే తలుపు దగ్గర కాపలా పెట్టింది. ఎనిమిది ఎత్తులు అలాగే గడిచాయి. ఆ బంటు ఇంకో రెండు గడులు నడిస్తే మంత్రి అవుతుంది.

మాస్టారు తలెత్తి చూశారు. పక్కవాడి పేపరు చూసి రాసే పిల్లవాణ్ణి చూసినట్టు చూశారు.

సూర్యావతి లేచి చేతులు కడుక్కునే పంపు దగ్గరికి వెళ్ళింది. అక్కడ మాస్టారి భార్య మేరీ టీచరుగారు ఫ్లాస్కు కడుగుతున్నారు. ఆవిడ ప్రతి పోటీకీ వస్తారు, ఒక్క ఆటా చూడరు.

"ఏవయిందే? మొహం అలా ఉంది, ఓడిపోతున్నావా?"

"లేదండి. గెలుస్తున్నానండి."

"గెలిచేవాళ్ళ మొహం ఇలా ఉంటుందా? నాకు గుర్రానికీ గాడిదకీ తేడా తెలీదు గానీ, ఆ మనిషి సంగతి తెలుసు." ఫ్లాస్కు విదిలించి మూత పెట్టారు. "ముప్పై నాలుగేళ్ళు పేపర్లు దిద్దేరు. మా సొంత చెల్లెలి కొడుకు ముప్పై నాలుగు మార్కుల దగ్గర ఆగిపోతే, ఒక్క మార్కు వెయ్యమని నేనే బతిమాలేను. వెయ్యలేదు. ఏడాదంతా మా చెల్లి నాతో మాట్లాళ్ళేదు. అలాంటి మనిషికి నువ్వు ఊరికే మార్కులేస్తే తీసుకుంటారా? ఇంటికొచ్చి రాత్రి అన్నం తినరు. మళ్ళీ ఆ బాధ నాకు. వెళ్ళు, వెళ్ళి సరిగ్గా ఆడు."

సూర్యావతి మొహం కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. తిరిగి వచ్చి కూర్చున్నాక ఎదురుగా ఎవరున్నారో చూడలేదు. బోర్డు చూసింది. అంతసేపూ కనపడని గడి ఒకటి కనపడింది. కాపలా ఉన్న మంత్రిని తలుపు దగ్గర్నుంచి తీసి ఆ మూల గడిలోకి పంపింది. మాస్టారి బంటు ఇంకో గడి దిగింది. సూర్యావతి ఆయన రాజుకు షా, అంటే చెక్, చెప్పింది. మళ్ళీ చెప్పింది. మూడో షాకు ఆయన రాజుకు రెండు గడులే మిగిలాయి. ఏ గడిలోకి వెళ్ళినా ఏనుగు పోతుంది.

మాస్టారు ఒక నిమిషం పాటు వేళ్ళతో లెక్క వేసుకున్నారు. తన రాజును మెల్లిగా పడుకోబెట్టి చెయ్యి చాచారు.

"మధ్యలో ఆ ఎనిమిది ఎత్తులూ ఎవరాడేరు?" అన్నారు. "నువ్వైతే కాదు."

"తప్పయిపోయింది మాస్టారూ."

"తప్పని నాకూ తెలుసు. మంగళవారం క్లబ్బుకొచ్చేటప్పుడు ఆ ఎనిమిదీ ఎలా ఆడాలో రాసుకురా." కాగితం మీద సంతకం పెట్టి, లేచి, రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగారు. "ఆ మూల గడి ఉంది చూడు, అది నాకు కనపళ్ళేదు. బావుంది."

ఆ ఒక్క మాటకు సూర్యావతి కప్పు గెలిచిన రోజు కూడా నవ్వనంతగా నవ్వింది.

భోజనాల వేళకు గోడ మీద ఆఖరి రౌండు జాబితా అంటించారు. సూర్యావతికి ఐదున్నర పాయింట్లు. మాణిక్యాలరావు కొండబాబును ఓడించి ఐదుకు వచ్చాడు. కొండబాబుకు నాలుగున్నర, మాస్టారికి నాలుగు. ఒకటో టేబులు మీద సూర్యావతి, మాణిక్యాలరావు. రెండో టేబులు మీద కొండబాబు, మాస్టారు.

సాంబారన్నం పొట్లం విప్పుకుని సూర్యావతి మెట్ల మీద కూర్చుంటే, మాణిక్యాలరావు మజ్జిగ గ్లాసుతో వచ్చి రెండు మెట్లు కింద నిలబడ్డాడు.

"పొద్దున్న మాటలు మనసులో పెట్టుకోకండి సూర్యావతిగారూ. ఆట వేడిలో అనేస్తాం. మీ ఆట మాత్రం చాలా బావుందండి."

"ఆయ్."

"ఇందాక లెక్కేసేనండి. మనిద్దరం డ్రా చేసుకుంటే మీరు ఆరు, నేను ఐదున్నర. కొండబాబు గెలిచి నాతో సమానంగా వచ్చినా, అతన్ని నేను ఓడించేను కాబట్టి నేనే ముందుంటాను. ఇద్దరం హాయిగా వెళ్ళొచ్చు. ఓ పది పన్నెండు ఎత్తులు వేద్దాం, చేతులు కలుపుదాం. ఎండలో ఇద్దరికీ శ్రమెందుకూ?"

సూర్యావతి ముద్ద కలుపుతూ ఆగింది. "ఇంటి దగ్గర మాట్లాడుకు రావడం అని పొద్దున్న మీరే అన్నారు కదండీ. ఇది మెట్ల మీద మాట్లాడుకోవడమా అండీ?"

మాణిక్యాలరావు మజ్జిగ తాగడం ఆపాడు. "అది వేరు, ఇది వేరండి. డ్రా అడగడం రూల్సులో ఉంది."

"అయితే రూల్సులో ఉన్నట్టే అడగండి. బోర్డు దగ్గర, మేడమ్ గారు వినేలాగ."

"అడుగుతాను. మీరు మాత్రం బాగా ఆలోచించుకోండి. నా చేతిలో ఓడి, అటు కొండబాబు గెలిచేడనుకోండి, మీరిద్దరూ సమానం. మొన్న మీ ఇద్దరి ఆటా డ్రాయే. అప్పుడు ఎవరు వెళతారో కంప్యూటరు చెప్పాలి."

అతను వెళ్ళాక సూర్యావతి మిగతా లెక్క తనే వేసింది. డ్రా అయితే మాస్టారికి దారి లేదు. తను గెలిస్తే మాణిక్యాలరావు ఐదు దగ్గరే ఆగిపోతాడు. అప్పుడు మాస్టారు కొండబాబు మీద గెలిస్తే ఆయనకూ ఐదే. మూడో రౌండులో మాణిక్యాలరావును ఓడించింది మాస్టారే కనక రెండో చోటు ఆయనది. ఇద్దరూ కలిసి రాష్ట్ర పోటీలకు వెళ్ళొచ్చు. గెలిస్తే. ఓడితే తన చోటే పోవచ్చు.

హాల్లోకి వెళుతుంటే గుమ్మం దగ్గర మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కనిపించారు.

"మాణిక్యాలరావు డ్రా అడుగుతాడు," అన్నారు ఆమె వైపు చూడకుండా. "బోర్డు డ్రా అంటే డ్రా చెయ్యి. ఆడమంటే ఆడు. రెండో టేబులు లెక్క నేను చూసుకుంటాను. నువ్వు దానివైపు చూసేవంటే మాత్రం ఊరుకోను."

"అలాగే మాస్టారూ."

రెండున్నరకు గడియారాలు మొదలయ్యాయి. మొదటి పన్నెండు ఎత్తులూ ఇద్దరూ చకచకా వేశారు. సూర్యావతి బంట్లు మధ్యలో పక్కపక్కన నిలబడ్డాయి. ఏనుగులకు దారులు తెరుచుకున్నాయి. మాణిక్యాలరావు శకటం ఒకటి తన బంట్ల వెనకే ఇరుక్కుని ఉంది. పదమూడో ఎత్తు వేసి, గడియారం నొక్కబోయే ముందు, అతను గొంతు సవరించుకున్నాడు.

"డ్రాకి ఇస్తున్నానండి. మేడమ్ గారూ, విన్నారు కదండీ?"

"విన్నానండి," అంది అనురాధ. "ఆవిణ్ణి ఆలోచించుకోనివ్వండి."

సూర్యావతి ఆలోచించింది. సరే అని చెయ్యి చాస్తే ఈ క్షణమే ఏడాది కోరిక తీరుతుంది. సాయంత్రం కుమారస్వామికి ఫోను చేసి చెప్పొచ్చు. ఆమె రెండో టేబులు వైపు చూడలేదు. మాట ఇచ్చింది కాబట్టి బోర్డునే చూసింది. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి. నాలుగు నిమిషాలు గడిచాయి. ఎటు నుంచి చూసినా తన బలగమే బాగుంది. ఎవరి కోసమూ కాకుండా, ఊరికే తన కోసం చూసుకున్నా, ఇది ఆపేసే ఆట కాదు.

మధ్య బంటును ఒక గడి ముందుకు తోసింది.

"వద్దండి. ఆడదాం," అని గడియారం నొక్కింది.

మాణిక్యాలరావు ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. బహుశా ఆ ఎత్తు కోసమే కూర్చున్నాడు. మంత్రిని రెండు వేళ్ళతో ఎత్తి, బోర్డుకు అడ్డంగా తీసుకొచ్చి, ఏ కాపలా లేని గడిలో, సరిగ్గా సూర్యావతి బంటు నోటికి అందేలా పెట్టాడు. చెయ్యి తీశాడు. గడియారం నొక్కి, కుర్చీలో వెనక్కి ఆనుకుని, ఆమె మొహంలోకి చూశాడు.

రెండో టేబులు దగ్గర కుర్చీ కిర్రుమంది. మాస్టారు తన ఆట వదిలేసి లేచి నిలబడ్డారు.

ఆ మంత్రి పొరపాటో ఎరో వచ్చేవారం చూద్దాం.